అయితే ఇది విను

డబ్లిన్‌లో మా ఆఫీసు వంటగదిలో కెటిల్ మరిగేలోపు దొర్లే మాటలు చాలావరకు వాన గురించే. వాన లేని రోజున, ఇవాళ వాన ఎందుకు లేదా అని మాట్లాడుకుంటారు. అలాంటి ఒక పొడి రోజున ఎవరో అడిగారు, మా పాటల్లో నీకు ఏది ఇష్టమని. పెద్దగా ఆలోచించకుండా ఎన్యా పేరు చెప్పాను. అడిగినాయన తలూపాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. "అయితే ఇది విను" అంటూ ఇంకెవరిదో పేరు చెప్పాడు. పక్కన రొట్టె కాల్చుకుంటున్న ఆవిడ ఆ పేరు విని, "అది తర్వాత, ముందు ఇది విను" అని ఇంకో పేరు చెప్పింది. కప్పు కడుక్కోవడానికి వచ్చిన మూడో మనిషి వాళ్లిద్దరివీ పక్కకు తోసి తనది చెప్పాడు. టీ చేతికొచ్చేసరికి నా దగ్గర కాగితపు రుమాలు మీద రాసుకున్న పేర్లు మిగిలాయి. ఎన్యా గురించి మాత్రం ఒక్క ముక్క రాలేదు. తర్వాత గమనిస్తే ఎప్పుడూ ఇంతే. ఇష్టమైన పాట చెప్పమంటారు, చెబితే దాన్ని ఎవరూ అందుకోరు, దాని పక్కన ఇంకొకటి తెచ్చి పెడతారు. ఆ మాటకొస్తే మన ఇళ్లలో మాత్రం ఏం జరుగుతుంది? ఘంటసాల పాట ఒకటి బాగుందని నోరు జారితే చాలు, "బాలసరస్వతీదేవిని విన్నావా?" అనే బాబాయి ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు. ఎదుటివాళ్ల ఇష్టాన్ని కాదనడానికి ఇది మర్యాదైన పద్ధతా, లేక నిజంగానే వినమని అడగడమా అనేది నాకు చాలాకాలం తేలలేదు.

ఎన్యా పేరుకు వాళ్లు తలూపిన తీరు మాత్రం మనసులో ఉండిపోయింది. ఆవిడ డోనెగల్ కౌంటీలో, ఐరిష్ భాష ఇంకా ఇంట్లో మాట్లాడుకునే గ్వీడోర్ ప్రాంతపు మనిషి. అక్క, అన్నలు, మేనమామలు కలిసి క్లానడ్ అనే బృందం నడిపారు. తండ్రికి అక్కడ ఒక పబ్బు ఉండేది, అందులోనూ పాటలే. ఇంత పాటల కుటుంబం నుంచి వచ్చి, ఆవిడ చేసింది ఏమిటంటే స్టూడియోలో కూచుని తన గొంతునే పొర మీద పొరగా పదులసార్లు పేర్చుకుని ఒంటరిగా ఒక గాయకబృందం అయిపోవడం. 1988లో 'ఒరినోకో ఫ్లో'తో ప్రపంచమంతా ఆ గొంతు వినబడింది. ఆ ప్రపంచంలో మా జిల్లా కేంద్రంలోని క్యాసెట్ల కొట్టు కూడా ఉంది. నాకు ఐర్లండ్ అంటే మొదట తెలిసింది ఆ మబ్బు పట్టిన గొంతే. కానీ ఇక్కడివాళ్లకు అది బయటివాళ్లు కొనుక్కెళ్లే ఐర్లండ్. లోపలివాళ్లు దాన్ని తక్కువ చేయరు, అలాగని అతిథికి మొదట వడ్డించరు. ఆ తలూపుడులోని ఇబ్బంది నాకు అర్థమైంది ఇంకో రోజు. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన మర్నాడు అదే వంటగదిలో ఒకాయన నాకు అభినందనలు చెప్పి, తనకు తెలుగు పాటలంటే చాలా ఇష్టమన్నాడు. ఎన్ని విన్నారు అంటే, ఒకటి. నేను ఏం చేశానంటారు? తలూపాను. "అయితే ఇది వినండి" అని మొదలుపెట్టాను. వాళ్లకూ ఆ బహుమతి కొత్తదేం కాదు. 2008లో 'ఫాలింగ్ స్లోలీ' అనే పాటకు డబ్లిన్ వీధుల్లో గిటారు వాయించి పెరిగిన గ్లెన్ హన్సర్డ్ అదే ఆస్కార్ అందుకున్నాడు. ఆయన గురించి అడిగినా ఇక్కడ వేరే పేర్లే చెబుతారు.

అసలు ఐరిష్ పాట అని దేన్నంటున్నాం? ఇది నన్ను కొంచెం వేధించిన ప్రశ్నే గానీ ఎక్కువసేపు కాదు. షినేడ్ ఓకానర్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే పాట రాసింది మినియాపొలిస్ వాడైన ప్రిన్స్. న్యూయార్క్ క్రిస్మస్ మీద ఐరిష్ వాళ్లంతా గొంతు కలిపే పాటకు ప్రాణం పోసిన షేన్ మెక్‌గవన్ పుట్టింది ఇంగ్లండులో. 'విస్కీ ఇన్ ద జార్' అనే దారిదోపిడీ పాటను రాక్ చేసి వదిలిన ఫిల్ లైనట్ తండ్రి గయానా దేశస్థుడు. పల్లె పాటల బృందాల్లో ఇప్పుడు తప్పనిసరైన బుజుకీ 1960లలో గ్రీసు నుంచి వచ్చిన వాద్యం. 2023లో షినేడ్, షేన్ ఇద్దరూ కొన్ని నెలల తేడాతో వెళ్లిపోయినప్పుడు, ఆవిడ శవపేటిక వెళ్తుంటే బ్రే సముద్రతీరంలో జనం బారులు తీరి నిలబడ్డారు. నీనా పట్టణపు చర్చిలో ఆయన అంత్యక్రియల్లో పాట మొదలవగానే ఇంటివాళ్లు లేచి నాట్యం చేశారు. అప్పుడు ఎవరూ పుట్టిన ఊళ్లు లెక్కపెట్టలేదు. సరే, ఆ ప్రశ్న అక్కడితో వదిలేశాను.

వదలని ప్రశ్న ఇంకొకటి ఉంది. అది 'జాంబీ'ది. క్రాన్‌బెరీస్ బృందం 1994లో పాడిన ఆ పాటను మా ఇంజనీరింగ్ హాస్టల్లో అరవని మగపిల్లాడు లేడు. పరీక్షల ముందు రాత్రి, కరెంటు పోయిన చీకట్లో, మేడ మీద నుంచి ఒకడు మొదలుపెడితే కింద మెస్సు దాకా అందుకునేవారు. డొలోరెస్ ఓరియోర్డన్ గొంతు మధ్యలో విరిగే చోట మావాళ్లంతా పోటీపడి గొంతులు విరగ్గొట్టుకునేవాళ్లు. దయ్యాల పాట అనుకున్నాం. అంతకన్నా ఆలోచించలేదు. అసలు సంగతి వేరు. 1993 మార్చిలో ఇంగ్లండులోని వారింగ్టన్ అనే ఊళ్లో ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ బృందం పెట్టిన బాంబులకు మూడేళ్ల పిల్లవాడు, పన్నెండేళ్ల పిల్లవాడు చనిపోయారు. లిమరిక్ కౌంటీ అమ్మాయి డొలోరెస్, మా పేరు చెప్పి ఇలా చేయకండి అన్న కోపంతో రాసుకున్న పాట అది. ఇది నాకు తెలిసేసరికి నాకే పిల్లలు. అంటే మా హాస్టల్లో చేతులు మారిన పాటలో ఆ పిల్లలిద్దరూ దారిలోనే ఎక్కడో జారిపోయారన్నమాట. మరి పాట మాకు అందినట్టా, అందనట్టా? అందలేదు అనడానికి నోరు రాదు, ఎందుకంటే ఆ కోపం మాత్రం మాకు పూర్తిగా అందింది, దేని మీదో తెలియకపోయినా. 2023 రగ్బీ ప్రపంచకప్పులో పారిస్ స్టేడియంలో దక్షిణాఫ్రికా మీద ఐర్లండ్ గెలిచాక ఐరిష్ అభిమానులు వేలమంది ఇదే పాట పాడారు. ఇంతటి శోకగీతం గెలుపు పాట ఎలా అవుతుందని ఇక్కడ కొందరు నొచ్చుకున్నారు కూడా. నేను టీవీ ముందు కూచుని అనుకున్నాను, వీళ్లూ మా హాస్టల్ వాళ్లేనని.

కథ జారిపోయి పాట మాత్రమే అందే ఈ తీరుకు సరిగ్గా ఎదురుగా ఉండే ఆచారం ఒకటి ఇక్కడే చూశాను. డబ్లిన్‌లో కొన్ని పబ్బుల మేడ మీద, వారానికో నెలకో ఒక సాయంత్రం, పాడేవాళ్లు గుండ్రంగా కూచుంటారు. మైకుండదు, వాద్యాలుండవు. కింద బారులో ఫుట్‌బాల్ అరుపులు, పైన పాత చెక్క నేల, పైకప్పులోంచి చిన్నగా చలి. పాడే మనిషి గొంతు సవరించుకుని ముందు పాట గురించి చెబుతారు. ఫలానా ఊరి ఫలానా ముసలాయన దగ్గర నేర్చుకున్నాను, ఆయనకు వాళ్ల అత్త దగ్గర వచ్చింది, రెండో చరణం ఆయన వేరేలా పాడేవారు అని. పెళ్లి సంబంధం చెప్పేవాళ్లు ఇంటిపేరు, స్వగ్రామం, మేనరికాలు ముందు విప్పినట్టు ఉంటుంది. ఆ తర్వాత కళ్లు మూసుకుంటారు. పాత పద్ధతిలో ఐరిష్ భాషలో పాడేవాళ్లయితే మొహం కూడా పక్కకు తిప్పేస్తారు, తాము కాదు పాడుతున్నది అన్నట్టు. ఒక్కోసారి పక్కనున్న మనిషి పాడేవాళ్ల చేయి అందుకుని, పాట నడకకు తగ్గట్టు మెల్లగా చుట్లు తిప్పుతూ ఉంటారు. వింటున్నాను, ఇక్కడే ఉన్నాను అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నేను చూడలేదు. పాట ఆఖరి మాటలను చాలామంది పాడరు, మామూలు మాటల్లాగా పలికేస్తారు. మొదటిసారి విన్నప్పుడు గొంతు పట్టేసిందేమో అనుకున్నాను. అది పాట నుంచి గదిలోకి దిగొచ్చే మెట్టు.

కనెమారా తీరంలోని కార్నాలో 1919లో పుట్టిన జో హీనీ ఈ పద్ధతికి పెద్ద పేరు. వందల పాటలు కంఠస్థం ఉన్న ఆ మనిషి న్యూయార్క్‌లో ఒక అపార్టుమెంటు భవనానికి తలుపు దగ్గర నిలబడే ఉద్యోగం చేశాడు. బతుకు చివరి రోజుల్లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పిల్లలకు పాటలు నేర్పాడు. రికార్డింగుల్లో ఆయన పాట కన్నా ముందు కథ ఉంటుంది, ఎవరు చచ్చిపోయారు, ఎవరు ఏడ్చారు, ఎందుకు ఈ పాట పుట్టింది అని. కథ చెప్పని పాటను ఆయన సగం పాటగానే లెక్కవేసేవాడేమో అనిపిస్తుంది. ఆ లెక్కన మా హాస్టల్ మొత్తం సగం పాటతోనే నాలుగేళ్లు గడిపింది.

ఈ గదుల్లో ఇంకో ఏర్పాటు ఉంది. నోబుల్ కాల్ అంటారు. పాట ముగించిన మనిషికి తర్వాత ఎవరు పాడాలో పిలిచే హక్కు ఉంటుంది. పిలుపు వచ్చినవాళ్లు పాడలేకపోతే పద్యమో కథో చెప్పవచ్చుగానీ, ఊరికే తప్పించుకోవడం మర్యాద కాదు. ఇది చూశాకే నాకు వంటగది సంగతి కొంత వెలిగింది. అక్కడ ఎన్యా మీద ఎవరూ తీర్పు ఇవ్వలేదు. నా వంతు అయిపోయింది, తర్వాతివాళ్లు అందుకున్నారు, అంతే. ఒక పాటకు జవాబు ఇంకో పాటే. బాగుంది అనడంతో ఆగిపోతే ఆ రాత్రి అక్కడితో ముగిసిపోతుంది. ఇది ఎంత అందమైన ఏర్పాటో చెప్పాను గానీ, నా పిరికితనం చెప్పలేదు. పిలుపు గుండ్రంగా తిరుగుతూ నా వైపు వస్తోందనగానే ఆఖరి బస్సు గుర్తొస్తుంది నాకు. తలుపు దగ్గర కుర్చీ ఎంచుకోవడం అందుకే.

ఇంతదాకా వచ్చాక ఎదుటి మనిషి లేకుండా, చేయి పట్టుకోకుండా, ఫోనులో టప్పున పంపేసే పాటల్ని తిట్టుకోవడం సులువు. నేనూ అదే చేయబోయాను. కానీ ఈ దేశపు పాటల చరిత్ర అడ్డం పడింది. 1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో పదిమంది ఐరిష్ హార్ప్ వాద్యకారుల్ని ఒకచోట చేర్చి, వాళ్ల బాణీలు రాసిపెట్టమని పందొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ బంటింగ్ అనే కుర్రాణ్ని కూచోబెట్టారు. అతను చర్చి ఆర్గన్ నేర్చుకున్నవాడు, హార్ప్ వాడు కాదు. ఆ పదిమందిలో డెనిస్ హెంప్సన్ అనే తొంభై దాటిన గుడ్డి వృద్ధుడు లోహపు తీగల్ని పెంచిన గోళ్లతో పాత పద్ధతిలో మీటేవాడు. బంటింగ్ ఆ బాణీల్ని తర్వాత పియానోకు సరిపెట్టి అచ్చువేశాడని, గోళ్ల నాదం కాగితంలో పోయిందని పండితులు ఇప్పటికీ సణుగుతారు. నిజమే, పోయింది. అతను రాయకపోతే బాణీ కూడా పోయేది. ఆ తర్వాత వందేళ్లకు, కార్క్ కౌంటీలో పుట్టి ఓడలెక్కి పారిపోయిన ఫ్రాన్సిస్ ఓనీల్ షికాగో పోలీసుల్లో చేరి 1901లో ఆ నగరానికే పోలీసు అధిపతి అయ్యాడు. వాద్యం వచ్చిన ఐరిష్ కుర్రాళ్లకు పోలీసు ఉద్యోగాలు వేయించేవాడని చెప్పుకుంటారు. ఆయన వేణువు వాయించేవాడు గానీ స్వరాలు కాగితం మీద పెట్టింది ఆయన ఇంటిపేరే ఉన్న, చుట్టరికం లేని ఇంకో పోలీసు, జేమ్స్ ఓనీల్. 1903లో వాళ్లు అచ్చువేసిన పుస్తకంలో 1850 బాణీలున్నాయి. ఐర్లండులో మరచిపోయినవి షికాగో నుంచి పోస్టులో తిరిగొచ్చాయి. కోల్‌రేన్ ఊళ్లో శామ్ హెన్రీ అనే ఆయన పింఛను అధికారిగా ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, పని చూసుకుని, ఒక పాట కూడా రాసుకుని వచ్చేవాడు. 1923 నుంచి 1939 దాకా స్థానిక పత్రికలో ఆయన శీర్షిక కింద వారం వారం ఒక పాట వచ్చేది. పాఠకులు తమకు తెలిసినవి పంపేవారు. వీళ్లెవరూ గుండ్రంగా కూచోలేదు. దూరం నుంచి పంపుకున్నారు.

ఇక 'డానీ బాయ్' మాట. ప్రపంచంలో ఐర్లండ్ పేరు చెప్పగానే ఎక్కువమంది గొంతులోకి వచ్చే ఆ పాటలో ఒక వింత ఉంది. బాణీని లిమవాడీ అనే ఊళ్లో జేన్ రాస్ అనే ఆవిడ రాసుకుని జార్జ్ పెట్రీకి ఇస్తే, 1855లో ఆయన పుస్తకంలో వచ్చింది. ఆవిడకు ఎవరు వాయించి వినిపించారో మాత్రం అందులో లేదు. మాటలు ఐరిష్ వాడివి కావు. ఫ్రెడరిక్ వెదర్లీ అనే ఆంగ్ల వకీలు వేరే బాణీకి రాసి పెట్టుకున్నవి. అమెరికాలోని కొలరాడో గని ఊరి నుంచి వాళ్ల మరదలు 1912లో ఈ బాణీ పంపింది. ఆయన మాటల్ని సర్ది 1913లో అచ్చువేయించాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పకుండా నోరు విప్పని జనానికి, వాళ్ల పేరు మోసిన పాటకే మొదటి మనిషి పేరు లేదు. ఆ మేడ మీది గదుల్లో ఈ పాట నేను వినకపోవడానికి కారణం అదేనా? అరిగిపోయిందనే కారణం ఇంకా దగ్గరగా ఉంటుందేమో.

ఒకసారి మాత్రం వంటగదిలో చెప్పడానికి నా దగ్గరా ఒకటుంది అనిపించింది. రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణంలో 1878లో పుట్టి, డబ్లిన్‌లో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మార్గరెట్ కజిన్స్, భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి 1915లో మన దేశం వచ్చింది. ఆయన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడ కొన్నాళ్లు విడిది చేశాడు. ఒక సాయంత్రం 'జనగణమన' పాడి వినిపించాడు. దాన్ని స్వరాల్లో రాసిపెట్టింది మార్గరెట్. ఇంగ్లీషు అనువాదం కూడా కవి అక్కడే చేశాడు. అంటే బెంగాలీ కవి పాటకు ఐరిష్ సంగీత పట్టభద్రురాలు చిత్తూరు జిల్లా కొండల మధ్య కూచుని కాగితం పట్టింది. పొద్దున్నే బడిలో నిలబడి ఆ పాట పాడుతూ పెరిగిన నాకు ఇది ఎవరూ చెప్పలేదు. ఇది చెబితే వంటగది నిశ్శబ్దమైపోతుందనుకున్నాను. నిశ్శబ్దమైంది, ఒక్క క్షణం. ఆ వెంటనే రొట్టె కాల్చుకునే ఆవిడ అంది, "బాయిల్ అంటే కిల్‌రోనన్ పక్కనే కదా, క్యారొలన్ సమాధి ఉన్నది అక్కడే, నువ్వు ఆయన్ని విన్నావా?"

వినలేదు. విన్నాక మాత్రం ఆవిడకు మనసులోనే దండం పెట్టాను. టర్లో ఓ క్యారొలన్‌కు పద్దెనిమిదో ఏట మశూచి వచ్చి చూపు పోయింది. మెక్‌డెర్మట్ రో వారి ఇంటి ఇల్లాలు హార్ప్ నేర్పించి, ఒక గుర్రాన్ని, తోడు మనిషిని ఇచ్చి పంపింది. 1738లో చనిపోయేదాకా దాదాపు యాభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగాడు. బస చేసిన ఇంటికి వాళ్ల పేరుమీద ఒక బాణీ కట్టి ఇచ్చేవాడు. అలాంటివి రెండు వందలకు పైగా మిగిలాయి. అన్నం పెట్టిన చాలామంది దొరలూ దొరసానులూ ఇప్పుడు ఆ బాణీల పేర్లలోనే బతికున్నారు. ఎవరికి ఏ పాట ఇవ్వాలో ఎలా తెలిసేదో ఆయనకు? మనుషుల్ని చూడకుండా, గొంతులు విని, వాళ్ల ఇంటి మెట్లు ఎక్కిన శబ్దం విని కట్టేవాడేమో. నేను ఎవరికి ఏ పాట పంపాలన్నా ఇంతసేపు ఆలోచించను, నాకు నచ్చిందా లేదా అంతే చూస్తాను.

నాకు నచ్చినదంటే లూక్ కెల్లీ పాడిన 'రాగ్లన్ రోడ్'. ప్యాట్రిక్ కవనా అనే కవి తన చెయ్యి దాటిపోయిన ఒక వైద్య విద్యార్థినిని తలుచుకుని రాసి 1946లో అచ్చువేసుకున్న కవిత అది. ఏళ్ల తర్వాత బెయిలీ అనే పబ్బులో ఎర్రజుట్టు, పెద్ద గడ్డం గల లూక్ కెల్లీ పాట విని, నీకు సరిపోయే పాట నా దగ్గర ఒకటుందని కవే ఇచ్చాడు. పాత హార్ప్ బాణీ ఒకటి దానికి ఒదిగింది. లూక్ గొంతులో తీపి లేదు. ఇటుకబట్టీలో పనిచేసి వచ్చి పాడినట్టుంటుంది. ఓడిపోయిన ప్రేమను అలాంటి గొంతుతో చెబితేనే జాలి అడుక్కున్నట్టు ఉండదని నా నమ్మకం. దాన్ని విజయవాడలో ఉన్న నా హాస్టల్ మిత్రుడికి పంపాను, ఈసారి కథంతా రాసి మరీ పంపాను. బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. తర్వాత కొన్ని వారాలు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక రాత్రి వాడు అదే పాట తిరిగి పంపాడు, వాన్ మారిసన్ చీఫ్‌టెన్స్ బృందంతో కలిసి 1988లో పాడినది. "నీదాని కన్నా ఇది బాగుందిరా" అని కింద ఒక ముక్క. ఒళ్లు మండింది. వాన్ మారిసన్ గొప్పవాడే, కానీ ఈ పాటలో మాటల్ని నమిలి, మళ్లీ మళ్లీ తిరగేసి, కవిని వెనక్కి నెట్టి తను ముందుకొచ్చాడు. అదే రాశాను. ఆ నమలడమే దుఃఖమని, నీ లూక్ కెల్లీ పోలీస్ స్టేషన్లో వాంగ్మూలం ఇచ్చినట్టు పాడాడని వాడు. నెల రోజులుగా వాయిస్ మెసేజీల్లో ఇదే గొడవ. మొన్న ఆదివారం బాల్స్‌బ్రిడ్జ్‌లో నిజంగా ఉన్న ఆ రాగ్లన్ రోడ్ వెంట నడుస్తూ ఒక మెసేజీ రికార్డు చేశాను. ఎర్ర ఇటుకల పాత ఇళ్లు, గ్రానైటు మెట్లు, రంగు తలుపులు, చెట్లు, పార్క్ చేసిన ఖరీదైన కార్లు, అన్నీ వర్ణించి, ఇప్పుడు కళ్లు మూసుకుని లూక్‌ని విను, తేడా తెలుస్తుంది అన్నాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది. "సరే గానీ, మావాడికి అక్కడ ఎమ్మెస్ సీటు వచ్చింది, సెప్టెంబరులో వస్తున్నాడు. ఆ వీధిలో గది అద్దె ఎంతుంటుందో కనుక్కోరా." ఆ వీధిలో నేనే ఉండలేనురా, టాలా వైపు చూద్దాం అని చెప్పాను. వాన్ మారిసన్ సంగతి వాడు వచ్చాక తేల్చుకుందామన్నాడు. వాళ్లబ్బాయి ఎవరి వైపో ఇంకా తెలియదు.